వేస్ట్ హీట్ చిల్లర్: రెండేళ్లు వాడాక నా మాట

హైదరాబాద్ దగ్గర పాశమైలారం వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్‌లో యుటిలిటీస్, అంటే కరెంటు, ఆవిరి, చల్లనీళ్లు చూస్తుంటాను. వృథాగా పోయే వేడితో నీళ్లు చల్లబరిచే వేపర్ అబ్సార్ప్షన్ చిల్లర్ పెట్టి రెండేళ్లయింది, 40 టన్నులది (బరువు కాదు, చల్లబరిచే సామర్థ్యం). కంపెనీ పేరు చెప్పను, తిట్టాల్సినవీ ఉన్నాయి. 5కి 3.5 ఇస్తా.

ఇందులో కంప్రెసర్ ఉండదు. లోపలి వాక్యూమ్‌లో నీళ్లు 4, 5 డిగ్రీలకే ఆవిరైపోతాయి, ఆ ఆవిరిని లిథియం బ్రోమైడ్ ద్రావణం పీల్చుకుంటుంది, మళ్లీ విడగొట్టడానికి వేడి కావాలి. ఆ వేడి మాకు ఊరికే పోతుండేది, బాయిలర్ చిమ్నీలోంచి, వాడేసిన వేడినీళ్లలోంచి ఆవిరి విడిపోయే ఫ్లాష్ ట్యాంకు మీంచి. దాంతో 90 డిగ్రీల వేడినీళ్లు చేసి ఇస్తే ఇటు 7 డిగ్రీల చల్లనీళ్లు వస్తాయి. కరెంటు కంప్రెసర్‌తో నడిచే పాత స్క్రూ చిల్లర్ ఇదే పనికి 30 కిలోవాట్ల దాకా లాగేది, దీని లోపలి పంపులకు అందులో పదో వంతు చాలు.

మొదటి బిల్లు చూసి మాత్రం ఉసూరుమన్నాం. యూనిట్లు తగ్గాయి, డిమాండ్ ఛార్జీ (నెలలో లాగిన గరిష్ఠ లోడ్‌కి వేసేది) పైసా తగ్గలేదు. హెచ్‌టీ (హైటెన్షన్) కనెక్షన్‌కి ఈ ఛార్జీ రికార్డయిన డిమాండ్‌కో, కాంట్రాక్టు డిమాండ్‌లో (కరెంటు ఇచ్చే డిస్కంతో ముందే ఒప్పుకున్న గరిష్ఠ లోడ్) 80 శాతానికో, ఏది ఎక్కువైతే దానికి వేస్తారు కదా, మేం ముందు నుంచీ ఆ 80 దగ్గరే ఉన్నాం. డిస్కంకి దరఖాస్తు పెట్టి కాంట్రాక్టు డిమాండ్ తగ్గించుకున్నాకే లాభం కనిపించింది. ఈ ముక్క అమ్మినాయన చెప్పలేదు. మామూలు చిల్లర్ కంటే ఇది కూలింగ్ టవర్ మీదకు దాదాపు రెట్టింపు వేడి తోస్తుందనీ చెప్పలేదు. పాత టవర్‌కే తగిలించాం, మే నెలలో చల్లనీళ్లు 11 డిగ్రీల కిందికి దిగలేదు. కొత్త టవర్ పెట్టక తప్పలేదు, నీళ్ల ట్యాంకర్లు అదనం.

ఒక రాత్రి కరెంటు పోయింది. ఆగే ముందు ఈ మెషిన్ ద్రావణాన్ని కాసేపు పల్చన చేసుకోవాలి, ఆ టైమ్ దొరక్క లోపల లిథియం బ్రోమైడ్ ఉప్పు గడ్డకట్టింది. హీట్ ఎక్స్ఛేంజర్‌కి తడి గోనెసంచులు చుట్టి, స్టీమ్ హోస్ పట్టుకుని తెల్లారేదాకా కరిగించాం. ఈలోపు కరెంటు వచ్చాక ప్లాంటు ఆగకూడదని స్క్రూ చిల్లర్ వేశాం, ఆ కాసేపు ఎక్కిన డిమాండే నెల మొత్తానికీ లెక్క, పైగా తగ్గించుకున్న కాంట్రాక్టు దాటినందుకు పెనాల్టీ. సర్వీస్ ఇంజనీర్ మర్నాడు మధ్యాహ్నం వచ్చి "అంతా మీరే చేసేశారుగా సార్" అన్నాడు. ఇప్పుడు ద్రావణం తిప్పే పంపులకి యూపీఎస్ పెట్టుకున్నాం.

సాయంత్రం 6 నుంచి 10 దాకా పీక్ రేటు నడిచేటప్పుడు, అంటే యూనిట్ ధర ఎక్కువున్నప్పుడు, మా బాయిలర్ ఫుల్ లోడ్‌లో ఉండి వేడి బాగా దొరుకుతుంది, అందుకే మాకు గిట్టింది. వేడి కోసం విడిగా బొగ్గు కాల్చాల్సి వస్తే మాత్రం దీని జోలికి పోకండి. కొన్నవాళ్లు వాక్యూమ్ పంపు ఆయిల్ గ్లాసు రోజూ చూసుకోండి, మజ్జిగలా తెల్లబడిందంటే నీళ్లు చేరినట్టే, వెంటనే మార్చేయండి. డ్యూటీ ఎక్కగానే నేను టీ కంటే ముందు చూసేది అదే.