టోకెలావ్‌కు ఏది మేలు: స్వాతంత్ర్యమా, స్వేచ్ఛా అనుబంధమా, ఉన్నట్టే ఉండటమా?

టోకెలావ్ అంటే పసిఫిక్‌లో న్యూజిలాండ్ కింద ఉన్న మూడు పగడపు దీవులు: అటాఫు, నుకునోను, ఫకావోఫో. జనం సుమారు 1,500. విమానాశ్రయం లేదు. సమోవాలోని అపియా నుంచి ఓడెక్కితే ఒక పగలూ ఒక రాత్రీ గడిచాకే చేరతారు. ఓడ ఆనుకునే రేవు కూడా లేదు. మనుషులైనా బస్తాలైనా పగడపు దిబ్బ బయటే చిన్న పడవలోకి దిగి, దిబ్బను తొలిచిన కాలవ గుండా ఒడ్డుకు రావాలి. స్వపరిపాలన గురించి మాట్లాడేవాళ్లు ముందు ఆ కాలవను గుర్తుపెట్టుకోవాలి.

పూర్తి స్వాతంత్ర్యానికి దగ్గరి ఉదాహరణ తువాలు, పసిఫిక్‌లోనే ఉన్న మరో చిన్న దీవుల దేశం. గిల్బర్ట్ దీవుల (ఇప్పటి కిరిబాటి) నుంచి విడిపోయేటప్పుడు అక్కడి బనాబా దీవి ఫాస్ఫేట్ గనుల సొమ్ములో వాటా దక్కలేదు. 1978లో స్వతంత్రమైంది, 1987లో దాతల డబ్బుతో ట్రస్ట్ ఫండ్ పెట్టుకుంది, 2000లో ఐక్యరాజ్యసమితిలో సీటు సంపాదించింది. సముద్రం పైకొస్తోందని ప్రపంచానికి వినిపించడంలో ఆ సీటు విలువ చాలా పెద్దది. కానీ ఆస్ట్రేలియాతో చేసుకుని 2024లో అమల్లోకొచ్చిన ఫలెపిలి ఒప్పందం చూడండి: ఏడాదికి 280 మందికి ఆస్ట్రేలియాలో నివాస హక్కు దొరికింది, బదులుగా ఇతర దేశాలతో రక్షణ ఒప్పందాలకు ఆస్ట్రేలియా సమ్మతి కావాలి. టోకెలావ్ వాసులు 1949 నుంచే న్యూజిలాండ్ పౌరులు. చేతిలో ఉన్నదాన్ని వదిలేసి, తర్వాత బేరమాడి అందులో కొంత తెచ్చుకోవడం తెలివైన పని కాదు.

పసిఫిక్‌లోని నియూ దీవి 1974లో న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధాన్ని ఎంచుకుంది, అంటే పాలన తనదే, బంధం మాత్రం తెగలేదు. చట్టాలు తన 20 మంది సభ్యుల శాసనసభవే. పౌరసత్వం న్యూజిలాండ్‌దే. అవసరమైన ఆర్థిక, పాలనా సాయం చేసే బాధ్యతను న్యూజిలాండ్ చట్టంలోనే రాశారు, అసలు బలం అక్కడుంది. 1960లలో 5,000 దాకా ఉన్న జనాభా ఇప్పుడు 1,700కు అటూఇటూ ఉంది కదా అంటారు. తలుపు తీసిన పౌరసత్వం, 1971 నాటి విమానాశ్రయం దానికి పెద్ద కారణాలు. వలస టోకెలావ్‌లో ఇప్పుడే ఉంది: న్యూజిలాండ్‌లో ఉన్న టోకెలావ్ వాళ్లే ఎక్కువ.

ఉన్నట్టే ఉంటే ఇబ్బందేమీ లేనట్టే కనిపిస్తుంది. ఊరి పెద్దల సభ తౌపులెగా, మూడు దీవుల జనరల్ ఫోనో రోజువారీ పాలన చూసుకుంటున్నాయి. అయినా చివరి మాట వెల్లింగ్టన్‌లోని న్యూజిలాండ్ ప్రభుత్వానిది.

నా ఓటు నియూ దారికే. టోకెలావ్ కూడా రెండుసార్లు అటే మొగ్గింది. 2006 ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 60 శాతం అనుకూలం. 2007లో 692 ఓట్లలో 446. మూడింట రెండు వంతులు కావాలన్న నిబంధన వల్ల 16 ఓట్లతో తప్పిపోయింది. న్యూజిలాండ్‌లో స్థిరపడిన బంధువులకు ఓటు లేదు, కానీ పౌరసత్వం పోతుందేమోనన్న వాళ్ల భయం దీవుల దాకా వచ్చింది.

మళ్లీ ఓటింగ్ పెడితే పౌరసత్వం, సాయం, ఓడ సర్వీసు ముందే చట్టంలో చేరాలి. ఇంకొకటి, అనుబంధంలో ఇరుపక్షాలూ జరుపుకోవాల్సిన ‘సంప్రదింపులు’ అంటే ఏ విషయాల్లో, ఎన్ని రోజుల ముందు అన్నది స్పష్టంగా రాసుకోవాలి. అది తేలకే 2025లో చైనాతో చేసుకున్న ఒప్పందాలపై, నియూలాగే అనుబంధంలో ఉన్న కుక్ దీవులతో గొడవ వచ్చి, న్యూజిలాండ్ 1.82 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల సాయం నిలిపేసింది.