డీఏఎస్28 చార్టు: పాదాలను వదిలేసే కొలత

కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థ్రైటిస్) ఓపీలో సిస్టర్ల చేతిలో ఉండే ఈ చార్టు ఒక్క పేజీయే. 28 కీళ్లలో నొప్పి, వాపుల లెక్క, రోగి పెట్టే గుర్తు, ఒక రక్తపరీక్ష కలిపి జబ్బు తీవ్రతకు ఒక స్కోరు ఇస్తుంది. భుజాలు, మోచేతులు, మణికట్లు, మోకాళ్లు కలిపి 8 కీళ్లు. పిడికిలి బిగిస్తే పైకి తేలే కణుపులు 10. వాటి తర్వాతి వరుస, బొటనవేళ్లతో కలిపి, మరో 10. చేయి తిరిగాక ఐదారు నిమిషాల పని.

పొరపాట్లు ఎక్కువగా నొక్కడంలోనే. నొక్కే బొటనవేలి గోరు తెల్లబడేంత బలం చాలు. అంతకు మించితే ఎవరికైనా నొప్పే. "నొప్పి ఉందా అమ్మా?" అని అడిగి టిక్కు పెడితే అది పరీక్ష కాదు. వాపైతే వేలి కింద స్పంజిలా మెత్తగా ఉంటుంది. ఎముకలా గట్టిగా తగిలితే అది అరుగుదల బుడిపె, లెక్కలో వేయకూడదు.

మొత్తం మీద తన పరిస్థితి ఎలా ఉందో రోగి గుర్తు పెట్టే గీత సరిగ్గా 100 మి.మీ. ఉండాలి. జిరాక్సుకు జిరాక్సు తీస్తూ పోతే గీత పొడవు మారిపోవచ్చు, స్కేలు పెట్టి చూసుకోవాలి.

అసలు చిక్కు ఈఎస్‌ఆర్‌తో (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష). ఒక్క కీలులోనూ నొప్పి, వాపు లేవు. గీత మీద 10. ఈఎస్‌ఆర్ 40 అనుకుందాం. స్కోరు 2.72 వస్తుంది. జబ్బు అణిగిందనడానికి 2.6 కంటే తక్కువ రావాలి! రక్తహీనత ఉన్నా, వయసు పైబడినా ఈఎస్‌ఆర్ పెరుగుతుంది కాబట్టి పక్కనే హిమోగ్లోబిన్ కూడా రాయాలి. టోసిలిజుమాబ్ అనే కీళ్లవాతం మందు వాడేవారిలో కథ తిరగబడుతుంది: మందే ఈఎస్‌ఆర్‌ను, సీఆర్‌పీని (వాపును సూచించే మరో రక్తపరీక్ష) దించేస్తుంది, వాపు మిగిలి ఉన్నా స్కోరు బాగున్నట్టే కనిపిస్తుంది. సీఆర్‌పీతో వేసే లెక్క వేరే ఫార్ములా, అంకె సాధారణంగా తక్కువ వస్తుంది. ఒక నెల దీనితో, మరో నెల దానితో పోల్చడం దండగ.

ఇక పాదాలు, చీలమండలు 28లో లేనే లేవు. చెప్పులు విప్పించి, వేళ్ల మొదళ్ల దగ్గర పాదాన్ని రెండు పక్కల నుంచీ పట్టి నొక్కండి. నొప్పి అంటే చార్టు అంచునైనా రాయండి. చార్టుకు రేటింగ్ ఇస్తే, ఈ ఒక్క లోపానికే ఒక స్టార్ తీసేయాలి.

ల్యాబ్ రిపోర్టు ఆలస్యమయ్యే చోట సీడీఏఐ (రక్తపరీక్ష అక్కర్లేని మరో స్కోరు) మేలు. నొప్పి కీళ్లు, వాపు కీళ్లు, జబ్బు తీవ్రతకు పదికి రోగి ఇచ్చే అంకె, డాక్టర్ ఇచ్చే అంకె కూడితే చాలు. 2.8 లోపు అణిగినట్టు, 22 దాటితే తీవ్రం. ఒకటే ఇబ్బంది: రద్దీ రోజుల్లో డాక్టర్ గడి ఖాళీగా మిగిలిపోతుంది.