సాయంత్రం తెరచాపా, చీకట్లో తెడ్డా: జంటకు ఏ పడవ మేలు?

ఉష్ణమండలపు దీవులకు సెలవులకు వెళ్లే జంటలు పడవ ప్రయాణాన్ని ఎక్కువగా ఫొటోలు చూసి ఎంచుకుంటారు. నన్నడిగితే ముందు చూడవలసింది చంద్రుణ్ణి. మీరు అక్కడ ఉండే రోజులు పౌర్ణమికి దగ్గరా, అమావాస్యకు దగ్గరా అన్నది తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. ఇద్దరికీ ఏళ్ల తరబడి గుర్తుండే పడవ ప్రయాణాలు నా దృష్టిలో రెండే ఉన్నాయి. ఒకటి సూర్యాస్తమయ వేళ తెరచాప పడవ, రెండోది చీకటి రాత్రి మెరిసే నీళ్లలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ). మొదటిదానికి వెన్నెల అందం తెస్తుంది, రెండోదాన్ని అదే వెన్నెల పాడుచేస్తుంది.

తెరచాప సంగతి ముందు చెబుతాను. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. అస్తమించాక 20, 25 నిమిషాల్లో వెలుతురు కరిగిపోతుంది. కాబట్టి అస్తమయానికి కనీసం గంట ముందు రేవు వదిలే పడవే ఎక్కాలి. అరగంట ముందు బయల్దేరితే సముద్రంలోకి వెళ్లి కుదురుకునేసరికి రంగులన్నీ అయిపోతాయి. పౌర్ణమి నాడైతే పడమట సూర్యుడు దిగే వేళకే తూర్పున చంద్రుడు పైకి వస్తాడు, తిరుగు ప్రయాణమంతా వెన్నెల్లో సాగుతుంది.

రేవు దాటేవరకు ఇంజన్ మీదే నడుపుతారు. బయటి నీళ్లలోకి వచ్చాక తెరచాప ఎత్తుతారు. అది రెండు మూడు సార్లు టపటపా కొట్టుకుని, గాలి నిండి బిగుసుకుంటుంది. అప్పుడు ఇంజన్ ఆపేస్తారు. ఇక వినిపించేది పడవ కింద నీళ్లు జారే చప్పుడే. అంతవరకు గొంతు పెంచి మాట్లాడుకున్న ఇద్దరూ తమకు తెలియకుండానే మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెడతారు. మనం డబ్బు పెట్టేది ఆ నిశ్శబ్దం కోసమే. అందుకే ముందుగా ఒక ప్రశ్న తప్పక అడగండి: తెరచాప నిజంగా ఎత్తుతారా, లేక దారంతా ఇంజన్ మీదే తిప్పి తెస్తారా?

రెండు పడవలను పక్కపక్కన జోడించినట్టుండే కటమరాన్ పెద్దగా ఒరగదు. (ఆ మాట తమిళంలోని కట్టుమరం నుంచి వచ్చింది, దుంగలు కట్టి చేసిన తెప్ప అని అర్థం.) ముందు భాగంలో కట్టిన వల మీద పడుకుంటే కింద పరుగెత్తే నీళ్లు కనిపిస్తాయి, తుంపరలు వీపును తాకుతాయి. మామూలు తెరచాప పడవ గాలికి ఒక పక్కకు ఒరుగుతూ వెళుతుంది, భయం లేనివారికి అందులోనే మజా ఉంది. అయితే పడవ రకం కన్నా మనుషుల సంఖ్య ముఖ్యం. నలభై మంది ఎక్కే కటమరాన్ కన్నా ఆరుగురు పట్టే మామూలు పడవ జంటకు ఎంతో నయం.

దీవికి ఏ పక్కన బయల్దేరుతున్నారో కూడా చూసుకోండి. కరీబియన్ దీవుల మీద వ్యాపార పవనాలు తూర్పు దిక్కు నుంచి వీస్తాయి. అందువల్ల బార్బడోస్ లాంటి చోట తూర్పు తీరం అలలతో పోటెత్తుతుంటే పడమటి తీరం శాంతంగా ఉంటుంది. సూర్యాస్తమయం కనిపించేదీ ఆ పక్కనే.

ఇక కయాక్. కొన్ని అఖాతాల్లో డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు లెక్కలేనన్ని ఉంటాయి. నీటిని కదిపితే అవి నీలిరంగులో తళుక్కుమంటాయి. ప్యూర్టోరికోకు చెందిన వియెకెస్ దీవిలోని మస్కిటో బేను ప్రపంచంలో అత్యంత కాంతివంతమైన అఖాతంగా 2006లో గిన్నిస్ గుర్తించింది. 2017లో మరియా తుపాను తర్వాత కొన్ని నెలలు అక్కడ వెలుగు తగ్గిపోయింది, మళ్లీ తేరుకుంది. ఆ జీవులను కాపాడటానికి అక్కడ ఈతను నిషేధించారు. ఆ నిషేధం నాకు పూర్తిగా సబబనిపిస్తుంది. జమైకాలోని లూమినస్ లగూన్‌లోనైతే పడవ దిగి నీళ్లలోకి వెళ్లనిస్తారు.

తెడ్డు ముంచిన చోటల్లా నీలి సుడి లేస్తుంది. చేయి ముంచి ఎత్తితే వేళ్ల సందుల్లోంచి జారే చుక్కలు కింద పడుతూ మరోసారి మెరుస్తాయి. పక్కన ఒక చేప తప్పుకుంటే నీళ్లలో గీత గీసినట్టు వెలుగు పరుగెడుతుంది. ఇద్దరి కయాక్‌లో ముందున్నవారు తెడ్డు లయను నిర్ణయించాలి, వెనకున్నవారు ఆ లయను అందుకుంటూ దారి మళ్లించాలి. మొదటి పది నిమిషాలు తెడ్లు ఢీకొంటాయి, తర్వాత ఒక తూకం కుదురుతుంది. తెరచాప పడవలో మీరు చూసేవారు, కయాక్‌లో చేసేవారు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

దీనికి చీకటి కావాలి. పౌర్ణమి తర్వాత చంద్రోదయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నాలుగు రోజులు గడిస్తే రాత్రి తొమ్మిది దాకా చీకటి దొరుకుతుంది. ఆ రోజు మొదలు అమావాస్య దాటి రెండు మూడు రోజుల వరకు అనువైన సమయం. ఫోను బయటికి తీయకండి. కళ్లు చీకటికి అలవాటుపడటానికి 20 నిమిషాలకు పైగా పడుతుంది, తెర వెలుగు ఒక్కసారి పడితే ఆ అలవాటు చెదిరిపోతుంది. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, పడవలో పక్కన పెట్టుకుంటే చాలదు.

మిగతా పడవల సంగతికొస్తే, అద్దపు అడుగున్న పడవకు పగటి ఎండ నిటారుగా పడాలి. ఈత రానివారికి పగడపు దిబ్బలు చూపించడానికి అది చక్కనిదే, కానీ అందరూ తలలు వంచి కిందికే చూస్తుంటారు, పక్కనున్న మనిషిని చూసే వీలుండదు. పెద్ద ఓడలో రాత్రి భోజనం నేను ఎవరికీ చెప్పను. దీపాలు, పాటల హోరు, డీజిల్ వాసన మధ్య సముద్రం ఉన్నట్టే తెలియదు.

ఇద్దరిలో ఒకరికి కడుపులో తిప్పే అలవాటుంటే పై లెక్కలన్నీ పక్కన పెట్టి, చుట్టూ పగడపు దిబ్బ కోటగోడలా కాపాడే లగూన్‌లో (సముద్రపు మడుగులో), పసిఫిక్ దీవి బోరాబోరా లాంటి చోట, చిన్న పడవ తీసుకోండి. సముద్రంలోకే వెళ్లాలనుకుంటే వాంతులు రాకుండా వేసుకునే మాత్రను పడవ ఎక్కడానికి ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక అది పెద్దగా పనిచేయదు. పడవ మధ్యలో కూర్చుని దిగంతం వైపు చూస్తుండాలి. తోడు వాంతులతో బాధపడుతుంటే ఎంత మంచి సూర్యాస్తమయమైనా రెండోవారికి రుచించదు.

ఒక్కటే కుదిరితే చీకటి రోజుల్లో కయాక్, వెన్నెల రోజుల్లో తెరచాప. మీ సెలవు వారం పౌర్ణమితో మొదలైతే రెండూ దక్కుతాయి. తొలి సాయంత్రం తెరచాప ఎక్కండి, ఐదో రాత్రో ఆరో రాత్రో తెడ్లు పట్టుకోండి.