మూడో ముక్క విరిగాక: టెంకరా కర్రతో నాలుగు సీజన్లు

ఈ కర్ర విరగకపోయి ఉంటే దీని గురించి ఇంత ఇష్టంగా రాసేదాన్ని కాదు.

టెంకరా అంటే జపాన్ కొండ వాగుల్లో గాలంతో చేపలు పట్టే పద్ధతి. ఆ కర్ర ఒకదాంట్లో ఒకటి దూరే ముక్కలతో ఉంటుంది. దారం చుట్టే రీలు ఉండదు, దారం నేరుగా కొసకే కడతాం. చిన్నప్పుడు మా కాలవ గట్టున అన్నయ్య వాళ్లు వెదురు కర్రకి కట్టినట్టే. కాకపోతే ఇక్కడ బెండూ లేదు, వానపామూ లేదు. ఈక చుట్టిన చిన్న గాలాన్ని పురుగు వాలినట్టు వాగు మీద దించాలి.

పోయిన జూన్‌లో ఒకుతమా కొండల్లోకి వెళ్లాను. టోక్యో నుంచి తెల్లవారుజాము రైలు, వాగులో చేపలు పట్టడానికి రోజు టికెట్ కొనేశాను, గంట కూడా గడవలేదు. గాలం పైనున్న కొమ్మకి చిక్కింది. అలాంటప్పుడు కర్రని కొమ్మవైపు సూటిగా చాపి, దారాన్ని చేత్తో పట్టుకుని లాగాలి. నాకు తెలుసు. కానీ ఎదురుగా గుండంలో యమామె అనే వాగు చేప ఒకటి పైకొస్తోంది, ఆ తొందరలో కర్ర వంచి లాగేశాను. టక్ మంది. ఏడుపొచ్చింది.

మర్నాడు మా పేటలోని గాలాల దుకాణానికి పట్టుకెళ్లాను, కొత్తది కొనాలనే అనుకుని. పెద్దాయన పిడి మీద మోడల్ నంబరు చూసి, "ఎన్నో ముక్క?" అన్నారు. ఇక్కడ కొస నుంచి లెక్కపెడతారు. నాది మూడోది. ఆ ఒక్క ముక్కకే ఆర్డర్ రాసుకున్నారు! పద్దెనిమిది రోజులకి ఫోన్ వచ్చింది. 2,600 యెన్‌లు. ఇంట్లో పది యెన్‌ల నాణెంతో అడుగు మూత విప్పి, ముక్కలన్నీ కింద నుంచి జార్చి, కొత్తది మధ్యలో పెట్టాను. ఐదు నిమిషాల పని. ఏది కొత్తదో ఇప్పుడు నాకే తెలియదు.

కొన్న కొత్తలో అందరికీ దీని తేలిక గురించే చెప్పాను. 3.6 మీటర్ల కర్ర, 80 గ్రాములు కూడా లేదు. ఇప్పుడైతే ఆ మాట అంత గట్టిగా చెప్పను. ఆ తేలిక పల్చదనం వల్ల వచ్చిందే, రాయికి తగిలితే గుండె ఆగినంత పనవుతుంది. తడిగా మడిస్తే ముక్కలు బిగుసుకుపోతాయి కూడా. లావు ముక్క నుంచి మొదలుపెట్టి మడవాలి, ఇంటికొచ్చాక విడదీసి రాత్రంతా ఆరబెట్టాలి. బద్ధకించిన రెండుసార్లూ అవస్థ పడ్డాను.

కారు లేక వీపు సంచితో రైళ్లలో తిరిగే నాకు ఇది సరిపోయింది. ముక్కలు దొరికే ఊళ్లో ఉన్నాను కాబట్టి కూడా. ఇండియా తీసుకెళ్దామనుకునే వాళ్లకి కొనమని చెప్పలేను. ఈ మోడల్ తయారీ ఆగిపోయిందని మొన్న పెద్దాయన చెప్పారు. ముక్కలు ఇంకెన్నాళ్లు దొరుకుతాయో ఆయనకీ తెలియదట. అక్కడే నిలబడి ఒకటో ముక్క, రెండో ముక్క, ఇంకో మూడోది ఆర్డర్ చేసి వచ్చాను.