వంటింటి డిజిటల్ త్రాసు: మూడేళ్లు వాడాక

నాన్నకు షుగర్ అని తేలిన వారంలోనే మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర ఈ త్రాసు కొన్నాను. ఐదు కిలోల వరకు తూస్తుంది, ఒక్క గ్రాము తేడా కూడా చూపిస్తుంది. అంతకుముందు క్యాలరీలు ఫోనులో చూసి బట్టీ పట్టేదాన్ని. రొట్టెకు ఇన్ని అని ఉంటుంది. ఎవరింటి రొట్టె, ఎంత మందం? రెండు రోజులకే మరిచిపోయేదాన్ని.

అమ్మ జొన్నపిండికి కొలత పిడికిలి. మూడు రోజులు ఆమె చేతి కింద గిన్నె పెట్టి తూచాను: 62, 60, 63 గ్రాములు. ఆ చేతికి దండం పెట్టాలనిపించింది. 100 గ్రాముల జొన్నల్లో సుమారు 335 క్యాలరీలు, అంటే మా రొట్టెకు 200 పైచిలుకు. పిడికిలి చూస్తే చాలు, అంకె గుర్తుకొస్తుంది.

నూనె దగ్గర మాత్రం ఆ చేయి తప్పింది. "రెండు చెంచాలే పోశాను" అంది అమ్మ. పోయకముందు, పోశాక డబ్బా తూచి చూస్తే 38 గ్రాములు! గ్రాముకు 9 చొప్పున 342 క్యాలరీలు, దాదాపు 100 గ్రాముల బియ్యంతో సమానం. ఇద్దరికీ నోట మాట రాలేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికలు చూశాక బట్టీ పట్టే పని తప్పింది. బియ్యం, జొన్నలు, కందిపప్పు అన్నీ 100 గ్రాములకు 330, 360 మధ్యే. పల్లీలు 520. నూనె 900. ఈ మూడు మెట్లు చాలు.

ఒక్క పొరపాటు ఇప్పటికీ బాధిస్తుంది. బియ్యం అంకెను అన్నానికి వేశాను. అన్నం నీళ్లు పీల్చుకుని మూడింతల దాకా తూగుతుందని ఆలోచించలేదు. నెల రోజులు నాన్నకు కడుపు నిండా పెట్టలేదు. కొత్తగా కొన్నవాళ్లు దయచేసి పచ్చి బియ్యాన్నే తూచండి.

సీతాఫలాన్ని ముందు కాయగా తూచి, తిన్నాక తొక్కలు, గింజలు తూచి తీసేస్తాం. గుజ్జు 100 గ్రాములకు 100 దగ్గర.

లోపాలూ ఉన్నాయి. సన్నని ధారగా పోస్తే అంకె కదలదు, అందుకే నూనెను డబ్బాతోనే తూచాలి. రెండు నిమిషాలు ముట్టకపోతే ఆరిపోతుంది, గిన్నె బరువు మళ్లీ మొదటి నుంచి తీసేయాలి. బ్యాటరీలు ఎనిమిది నెలలు వస్తున్నాయి.

ఇప్పుడు పిండి తూచడం మానేశాం. నూనె డబ్బా మాత్రం ప్రతి ఆదివారం త్రాసు మీదికి ఎక్కుతుంది, వారానికి ఎంత తగ్గిందో అమ్మే క్యాలెండర్ మీద రాస్తుంది.