రద్దయిన హన్మకొండ స్థానం చరిత్ర రాయాలంటే: పేరును పట్టుకోవాలా, నాయకుణ్నా, నేలనా?

హన్మకొండ లోక్‌సభ స్థానం 1977 నుంచి 2004 దాకా తొమ్మిది సాధారణ ఎన్నికలు, 2008లో ఒక ఉప ఎన్నిక చూసింది. మొదటి రెండుసార్లు పి.వి. నరసింహారావు గెలిచారు. 1984లో ఆయన్ను ఓడించిన చందుపట్ల జంగారెడ్డి, ఆ ఏడు దేశం మొత్తమ్మీద బీజేపీకి దక్కిన ఇద్దరు ఎంపీల్లో ఒకరు. తర్వాత కమాలుద్దీన్ అహ్మద్ మూడుసార్లు, చాడ సురేష్‌రెడ్డి రెండుసార్లు, బి. వినోద్‌కుమార్ 2004లోనూ 2008లోనూ గెలిచారు. 2008 పునర్విభజనలో, అంటే నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీసినప్పుడు, అది పోయింది; 2009 ఎన్నికల నాటికి ఆ స్థానమే లేదు. మరి దాని కథను నేటి ఫలితాలతో ఎట్లా కలపాలి? మూడు దారులున్నాయి.

అందరూ ముందుగా పట్టుకునేది పేరు. పని తొందరగా అవుతుంది గానీ చాలా తప్పులకు మూలం ఇదే. హన్మకొండ పేరుతో లోక్‌సభ స్థానం, అసెంబ్లీ స్థానం రెండూ ఉండేవి. రెండూ ఒకేసారి పోయాయి, నగరంలో వరంగల్ పశ్చిమ వచ్చింది. 2021లో అదే పేరు జిల్లాకు పెట్టారు. జిల్లా హద్దు వేరు, నియోజకవర్గం హద్దు వేరు. పి.వి. సొంతూరు వంగర ఉన్న భీమదేవరపల్లి మండలం ఇప్పుడు హన్మకొండ జిల్లాలో ఉన్నా, హుస్నాబాద్ సెగ్మెంటు (లోక్‌సభ స్థానంలో భాగమైన అసెంబ్లీ స్థానం) ద్వారా కరీంనగర్ ఎంపీకి ఓటేస్తుంది. కమలాపూర్ మండలానిదీ ఇదే తీరు, కాకపోతే అది హుజూరాబాద్ సెగ్మెంటు. చెన్నూరుతోనూ జాగ్రత్త: నేటి పాలకుర్తికి ముందున్న వరంగల్ జిల్లా చెన్నూరు వేరు, ఆదిలాబాద్ వైపు చెన్నూరు వేరు.

నాయకుడి వెంట పోతే చదవడానికి బాగుంటుంది. ఈటల రాజేందర్ కమలాపూర్ నుంచి హుజూరాబాద్‌కు, ఎర్రబెల్లి దయాకర్‌రావు వర్ధన్నపేట నుంచి పాలకుర్తికి, కొండా సురేఖ శాయంపేట నుంచి పరకాలకు వెళ్లారు. పునర్విభజన ఎవరిని ఎటు తోసిందో దీన్నిబట్టి తెలుస్తుంది: వర్ధన్నపేట ఎస్సీ రిజర్వుడు అయింది, అప్పటిదాకా ఎస్సీ స్థానమైన పరకాల జనరల్ అయింది. అయితే ఓటరు మనసు మారిందా లేదా అన్నది ఇందులో దొరకదు.

నా ఓటు నేలకే, అంటే ఊరూరి ఓట్లు పట్టుకోవడానికే. 2008 పునర్విభజన ఉత్తర్వులో ప్రతి అసెంబ్లీ స్థానం కింద మండలాల పేర్లున్నాయి. వాటిని 2001 జనాభా లెక్కల గ్రామాల పట్టికతో కలపండి. తర్వాత ఓటర్ల జాబితాలో ఏ గ్రామానికి ఏ పోలింగ్ కేంద్రమో రాసుకొని, ఫారం 20లో (పోలింగ్ కేంద్రాలవారీ ఓట్ల లెక్క చూపే ఫలితాల పత్రం) ఆ కేంద్రాల ఓట్లు కూడండి. పోస్టల్ ఓట్లు ఏ ఊరికీ చెందవు గనుక వాటిని విడిగా ఉంచాలి. లేకుంటే మొత్తం కలవదు.

ఈ పద్ధతి సాఫీగా నడిచేది 2004 నుంచే, అప్పటికి అంతటా ఈవీఎంలు వచ్చాయి. బ్యాలెట్ కాలంలో వేర్వేరు పెట్టెల పత్రాలను కలిపేసి లెక్కించడమూ ఉండేది, అలాంటప్పుడు సెగ్మెంటు మొత్తంతో సరిపెట్టుకోవాలి. ఇంకో చిక్కు: మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు నియోజకవర్గాల విభజన జరిగింది 1971 జనాభా లెక్కలమీద. ఆనాటి తాలూకాలను నేటి మండలాలతో నేరుగా జత చేయొద్దు, ఊరి పేరు దాకా దిగాలి. నగరంలో అయితే వార్డు నంబరును అసలు నమ్మొద్దు. గ్రేటర్ వరంగల్‌లో 2016 ఎన్నికకు 58 డివిజన్లుంటే 2021కి 66 అయ్యాయి. పాత నంబరు కొత్త పటంలో మరో వాడకు పోయి ఉండొచ్చు. వాడ పేరుతో, పోలింగ్ కేంద్రం ఉన్న బడి పేరుతో సరిచూసుకోవాలి.

వారం రోజుల్లో వ్యాసం ఇయ్యాలంటే నేల పద్ధతి అందదు. అప్పుడు గెలిచినవాళ్ల పట్టిక వేసి, 2008 దగ్గర అడ్డగీత గీసి, గీతకు కిందా మీదా ఉన్న ఓట్ల శాతాలను పోల్చకుండా వదిలేయండి.