రెండు పదునులు కుదరాలి: ఎర్రమట్టిలో మార్షల్‌టౌన్ 5 అంగుళాల తాపీ

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పురావస్తు శాస్త్రం చదవబోయేవాళ్లు మట్టిని పలచగా గీకడానికి ముందుగా సొంతంగా కొనుక్కోవాల్సింది తాపీ. జార్జియాలోని ఏథెన్స్ అలాంటి విశ్వవిద్యాలయ పట్నం. అక్కడి పురావస్తు ప్రయోగశాల 1947 నుంచి పనిచేస్తోంది, రాష్ట్రంలోని పురాతన స్థలాల నమోదు జాబితా కూడా అక్కడే ఉంటుంది. ఊరు దాటితే పీడ్‌మాంట్ అనే కొండదిగువ ప్రాంతపు ఎర్రమట్టి. ఈ సమీక్ష ఆ మట్టిని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఇసుక నేలలో ఏ తాపీ అయినా నడుస్తుంది.

అయోవాకు చెందిన మార్షల్‌టౌన్ కంపెనీ 1890లో మొదలైంది. ఈ తాపీలో ఆకు, మెడ, పిడిలోకి దిగే కాడ మూడూ ఒకే ఉక్కు ముక్కను సాగగొట్టి చేసినవి. డబ్బు పెట్టాల్సింది దీనికే. మెడ దగ్గర అతుకు వేసిన చవక తాపీని గట్టి బంకమట్టిలో లాగితే బరువంతా అతుకు మీదే పడుతుంది, విరిగేదీ అక్కడే. మన బజార్లో దొరికే తాపీ సిమెంటు ఎత్తడానికి బాగుంటుంది కానీ వెడల్పాటి పలచని ఆకు వంగిపోతుంది, గీకడానికి పనికిరాదు.

ఇది కూడా మేస్త్రీల కోసం చేసిందే కాబట్టి అంచులు మొద్దుగా వస్తాయి. కొన్న రోజే పదును పెట్టాలి. తాపీని వైస్‌లో బిగించి, 8 అంగుళాల చదును ఆకురాయితో రెండు పొడుగు అంచులనూ పైవైపు నుంచే ఏటవాలుగా అరగదీయాలి. కింది ముఖం చదునుగానే ఉండాలి. ఆకురాయిని ముందుకే తొయ్యాలి, వెనక్కి ఈడిస్తే దాని పళ్లు పోతాయి. అడుగున సన్నని గరుకు అంచు లేస్తుంది. ఆకురాయిని పడుకోబెట్టి ఒక్కసారి తేలిగ్గా రాస్తే పోతుంది. కొసను మాత్రం సూదిలా చేయకండి. కాస్త గుండ్రంగా ఉంటేనే నేల మీద గాట్లు పడవు. తవ్వకం రోజుల్లో ఆకురాయి సంచిలోనే ఉండాలి, రాళ్లున్న నేలలో పూటకోసారి అవసరపడుతుంది.

ఇంత శ్రమ రంగు కోసం. పూర్వం పాతిన గుంజ కుళ్లిపోతే ఆ గుంతలో నల్లటి మట్టి చేరుతుంది. ఇంటి గోడ ఎక్కడుండేదో చెప్పేవి ఆ నల్లటి గుండ్రాలే. పత్తి సాగులో నాగళ్లు పైపొరను కలియదున్నేశాయి కనుక, దాని అడుగున ఎర్రమట్టి మొదలయ్యే చోటే అవి స్పష్టంగా కనబడతాయి. మొద్దు అంచు మట్టిని కోయదు, పులిమేస్తుంది. అప్పుడు ఎరుపూ నలుపూ కలిసి నున్నటి పూతలా మెరుస్తాయి, గుంజ గుంత కళ్లెదుటే దాక్కుంటుంది.

మన రైతు చెప్పే పదును, అంటే నేలలో సరిపడా తడి, ఇక్కడా కావాలి. వాన వెలిసిన వెంటనే దిగితే ఎంత వాడి తాపీ అయినా పులుముతుంది. ఎండకు కాలితే మట్టి ఇటుకై, పెళ్లలుగా లేస్తుంది. ఎండాకాలంలో మొక్కలకు కొట్టే స్ప్రేతో సన్నగా తడిపి, ప్లాస్టిక్ పట్టా కప్పి, తడి లోపలికి ఇంకాక గీకాలి. కొసతో తవ్వకూడదు. పొడుగు అంచును వాలుగా ఆనించి, మీ వైపు లాగుతూ వెనక్కి జరగాలి. శుభ్రం చేసిన చోట కాలు పెట్టకండి. మొత్తం ఒక్క ఊపులో గీకి, ఆరకముందే ఫొటో తీసి, మట్టి రంగులను పోల్చి చూసుకునే మన్‌సెల్ పట్టీతో రంగు రాసుకోవాలి. ఆరిన మట్టికి వేరే రంగు వస్తుంది.

లోపాలున్నాయి. 5 అంగుళాల ఆకు ఇరుకు గుంతలో తిరగదు. అక్కడ బ్రిటన్‌లో ఎక్కువగా వాడే డబ్ల్యుహెచ్ఎస్ అనే బ్రాండు 4 అంగుళాల తాపీ మేలు. గుంత గోడలు నిలువుగా, మూలలు సూటిగా రావాలంటే దీర్ఘచతురస్రపు మార్జిన్ తాపీ తోడు కావాలి. కొయ్యపిడి తడిసి ఆరుతుంటే పగుళ్లిస్తుంది. ఉప్పుకాగితంతో రుద్ది అవిసె నూనె పట్టిస్తే నిలుస్తుంది. చెమట పట్టే చేతులకు మెత్తటి రబ్బరు లాంటి పిడి ఉన్న రకమే తీసుకోండి. రాత్రి మట్టితో వదిలేస్తే తుప్పు ఖాయం.

కుండపెంకులు, ఎముకలు కనబడగానే తాపీ పక్కన పెట్టి వెదురు పుల్ల అందుకోండి. తక్కువ సెగలో కాల్చిన పెంకు మీద ఉక్కు గీత పడితే ఇక పోదు. పావు అంగుళం జల్లెడలో ఇరుక్కున్న బంకమట్టిని తాపీతో నొక్కి దింపే అలవాటు కూడా అలాంటిదే. ముద్దతో పాటు అందులోని పెంకులూ చితుకుతాయి. నీళ్లతో కడగండి.

విమానంలో వెళ్లేటప్పుడు చేతిసంచిలో కాకుండా పెద్ద పెట్టెలో పెట్టండి, అంచుకు అట్ట చుట్టి. పదును పెట్టగా పెట్టగా ఆకు అరిగి చిన్నదవుతుంది. అప్పుడు పారేయకండి, గుంజ గుంతల్లోపలికి సరిగ్గా అదే పడుతుంది. వెడల్పు పనికి కొత్తది కొనుక్కోండి.